వాడిన పువ్వు ఫొటోలో ఉన్నది కళా, శీర్షిక చేసే మాయా?

వెలుగునీడ:
వాడిన పువ్వులనూ ఎండుటాకులనూ ఫైన్ ఆర్ట్ ఫొటోలుగా చూపడం కళ ఎలా అవుతుందన్న ప్రశ్న నా ఎండుటాకు ఫొటో కింద మొదలై దారి తప్పింది కనుక, దాన్ని వేరే చర్చగా పెడుతున్నాను. తాజా పువ్వును చూసినప్పుడు రంగు కళ్ళను కట్టేస్తుంది, ఆకారం వెనకబడుతుంది. వాడడం మొదలయ్యాక కణాలలో నీటి ఒత్తిడి తగ్గి, రేకుల అంచులు లోపలికి చుట్టుకుంటాయి. ఈనెలు పైకి తేలతాయి. పలచబడిన రేకు వెలుతురును తనలోంచి పోనిస్తుంది. పక్కనుంచి ఒకే వెలుగు పడేలా పెడితే ప్రతి ముడతకూ ఒక నీడ వస్తుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1967 నుంచి 1973 వరకు వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం ఏటా ఒక్కో జాతి పువ్వును ఫొటోలు తీశాడు. మచ్చలు పడి, గోధుమ రంగుకు తిరుగుతున్న దశలోని పువ్వులంటేనే తనకు ఎక్కువ ఇష్టమని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు.

కుండబద్దలు:
పెద్దవాళ్ళ పేర్లు తెచ్చి నోరు మూయించడం ఇక్కడ మామూలైపోయింది. నా అభ్యంతరం ఫొటో మీద కాదు, దాని కింద ఉండే ‘అనిత్యం’, ‘శేషం’, ‘నిశ్శబ్దం’ వంటి శీర్షికల మీద. వాటిని తీసేస్తే మిగిలేది ఊడ్చి పారేయవలసిన ఆకు. ఒక పోటీకి నేను తాజా కలువ ఫొటో పంపితే, ‘క్యాలెండరు బొమ్మ’ అని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేశారు. బహుమతి వచ్చినది వాడిన గులాబీకి. అందులో ఫోకస్ కూడా సరిగ్గా లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

మూడుకాళ్ళ స్టాండు:
ఫోకస్ సంగతి మాత్రం అంత తేలిక కాదండీ. వస్తువు సెన్సరు మీద అసలు కొలతతో పడేంత దగ్గరగా తీస్తే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే ఒక్కో లోతులో ఫోకస్ పెట్టి తీసిన ఫొటోలను ఒకటిగా కలుపుతారు; దాన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు.

కుండబద్దలు:
నేను చెప్పేదీ అదే. పదుల ఫొటోలు కలిపి, వెనక నల్లబట్ట కట్టి, కాడను తీగతో నిలబెట్టి, ప్రకృతిలో దొరికిన అందం అని చెప్పుకోవడం ఏ రకమైన నిజాయితీ?

వెలుగునీడ:
ప్రకృతిలో ‘దొరికింది’ అని నేను ఎక్కడా అనలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ప్రసిద్ధమైన ఆ బుట్ట మిరపకాయ (క్యాప్సికం) ఫొటో తీసినప్పుడు, కాయను ఒక రేకు గరాటు లోపల నిలబెట్టాడు. జర్మన్ ఫొటోగ్రాఫర్ కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అలంకార కళల విద్యార్థులకు మొక్కల ఆకృతులు నేర్పడానికి అడ్డుగా ఉన్న ఆకులను తుంచి, కాడను సరిచేసి, కొన్నింటిని ముప్ఫై రెట్ల వరకు పెద్దవి చేసి చూపాడు. 1928లో ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చినప్పుడు వాటిని అబద్ధమని ఎవరు అన్నారు? తీగ ఉందా లేదా అన్నది వడ్రంగి పని. ఫొటోలో ఏముందో చూడండి.

కుండబద్దలు:
వెస్టన్ తీసినది కూరకు పనికొచ్చే కాయ. దానికీ వాడిపోవడానికీ సంబంధం ఏమిటి? అడిగినదానికి జవాబు చెప్పకుండా చరిత్ర పాఠం చెబుతున్నారు. మీ గుంపుకు ఎండినదల్లా గొప్ప, పచ్చగా ఉన్నదల్లా చౌక.

వెలుగునీడ:
గుంపు అంటున్నారు కనుక అడుగుతున్నాను: పోటీలో ఓడిపోయిన కోపాన్ని ఎండుటాకుల మీద తీర్చుకోవడం ఎంతవరకు న్యాయం?

పత్రహరితం:
ఇద్దరూ కాస్త ఆగితే, వృక్షశాస్త్రం చెప్పేదాన్నిగా ఒక మాట. ఆకు పసుపుపచ్చగా మారడానికి కారణం పత్రహరితం విచ్ఛిన్నమై, అంతకుముందే లోపల ఉన్న కెరోటినాయిడ్లనే పసుపు రంగు పదార్థాలు బయటపడడం. కొన్ని జాతుల్లో కనిపించే ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది; అది ఆ దశలో కొత్తగా తయారవుతుంది. గోధుమ రంగు ఎక్కువగా ఫినాల్ పదార్థాలు ఆక్సీకరణ చెందడం వల్ల వస్తుంది. ఈనెలకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ మాత్రం అంత తొందరగా కరగదు కనుక, మెత్తని భాగమంతా పోయాక కూడా జల్లెడ లాంటి ఆకు మిగులుతుంది. మీ ఫొటోల్లో నేను చూసేది ఎప్పుడూ ఈ ఎండిన దారే. తడిలో పడిన పువ్వుకు బూజు పట్టి, కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరిగి, రేకులు జిగురుముద్దగా మారతాయి. వాడడమంటే అది కూడా. దాన్ని ఎవరూ ఫ్రేములో పెట్టరేం?

వెలుగునీడ:
దాన్ని తీసినా అందులో ఆకారం మిగలదు కనుక. నేను వెతికేది ఆకారాన్ని, చావును కాదు.

కుండబద్దలు:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. క్షీణించేదానిలో అందం చూస్తున్నామని చెప్పుకునేవాళ్ళు, క్షీణతలో శుభ్రంగా, పొడిగా, వాసన లేకుండా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరుకుంటున్నారు. నేను కలువలో బాగున్న రేకును ఏరుకుంటే అది క్యాలెండరు. మీరు ఎండుటాకులో బాగున్న ఈనెను ఏరుకుంటే అది తత్త్వం. రెండూ ఏరుకోవడమే అయినప్పుడు, ఒకదానికి నీతి బలం ఎక్కడినుంచి వచ్చింది? తాజా పువ్వును అందంగా చూపడాన్ని అమాయకత్వంగా, ఎండినదాన్ని అందంగా చూపడాన్ని వివేకంగా ఎందుకు లెక్కకడుతున్నారన్నదే మొదటినుంచీ నా ప్రశ్న. తీగా నల్లబట్టా నాకు ముఖ్యం కాదు.

మూడుకాళ్ళ స్టాండు:
మరి మొదటే ఈ మాట అంటే సగం రోజు మిగిలేది.

వెలుగునీడ:
జవాబు చెబుతాను. తాజా పువ్వు రంగు పరాగ సంపర్కం చేసే పురుగును పిలవడానికి తయారైనది. ఆ పిలుపునే మనమూ విని ఫొటో తీస్తాం, అంటే ఎంపికలో సగం మొక్కే చేసి పెట్టింది. ఎండుటాకు ఎవరినీ పిలవదు. అక్కడ చూడవలసినది ఏమిటో తీసేవాడే తేల్చుకోవాలి. ఆ పని కష్టమైనదని అన్నాను తప్ప, దానివల్ల తీసేవాడు జ్ఞాని అవుతాడని అనలేదు. శీర్షికల విషయంలో మీతో నాకు పెద్ద పేచీ లేదు. నా ఫొటోలకు ఆకు పేరు తప్ప ఇంకేమీ పెట్టను. పెన్ మాత్రం మచ్చలనూ గోధుమ రంగునూ దాచలేదన్నది మరిచిపోకండి.

పత్రహరితం:
మచ్చ వరకే. ముద్ద వరకు ఆయనా వెళ్ళలేదనే అనుకుంటాను.

కుండబద్దలు:
కష్టమైనంత మాత్రాన గొప్పదైపోతుందా? పురుగును పిలిచే రంగును పురుగు చూసినట్టు కాకుండా చూపడమూ కష్టమే. నా కలువలో రేకుల వెనక వైపు, కాడ దగ్గర ఆకుపచ్చ తెలుపులోకి కరిగే చోటు ఉంది. పోటీలో ఎవరూ అక్కడిదాకా చూడలేదు.

వెలుగునీడ:
అయితే ఆ ఫొటో ఇక్కడ పెట్టండి, చూస్తాం.

కుండబద్దలు:
ముందు మీరు జిగురుముద్దను ఫొటో తీసి పెట్టండి. పత్రహరితం గారు చూసి ఒప్పుకున్నాక నాది పెడతాను.