55 అంగుళాల టీవీ గోడకు బిగించాలి, గోడ ఆగుతుందా?

ప్రశ్న: టీవీ బరువు 17 కిలోలు. గోడ తట్టి చూస్తే ఒకచోట గట్టిగా, ఇంకోచోట డొల్లగా మోగుతోంది, డ్రిల్ పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలి?

జవాబు 1: డొల్లగా మోగేచోట మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు వద్దండి, ఊడొస్తాయి. బోలు ఇటుకైతే కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టి జిగురు నింపి బిగించే బోల్టు) వాడండి, జిప్సమ్ బోర్డయితే వెనకున్న ఫ్రేమ్‌లోకే స్క్రూ దిగాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా మాత్రం అస్సలు డ్రిల్ చేయకండి, లోపల వైర్లు అటే వెళ్తుంటాయి.

జవాబు 2: బ్రాకెట్ కొనేముందు టీవీ వెనక స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి, 200×200, 400×400 మిల్లీమీటర్లు ఇలా ఉంటుంది, వెసా సైజు అంటే అదే. ఇంకోటి, సోఫాలో కూర్చుంటే తెర మధ్యభాగం కళ్ళకు ఎదురుగా రావాలి. మేం బాగా పైకి పెట్టించి, మెడనొప్పులొచ్చి మళ్ళీ కిందికి దింపించాం.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్సండీ, స్విచ్ బోర్డు సరిగ్గా కిందే ఉంది! పక్కకు జరిపి బిగిస్తాను.