నాయిన జీవితం రాయబోతే పుట్టిన ఏడాది దగ్గరే ఆగిపోయాను, పెద్దలు దారి చూపగలరా?

దేవరకొండ వాసి:
మా నాయిన పోయి వచ్చే నెలకు ఏడాది నిండుతుంది. సంవత్సరీకం నాటికి ఆయన జీవితాన్ని నాలుగైదు పేజీల్లో రాసి మనుమలకు ఇవ్వాలని కూర్చున్నాను. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1948 జనవరి 1 అని ఉంది. అది నమోదు చేసినవారు ముఖం చూసి వేసిన లెక్క. ఆయన చెప్పిన గుర్తు ఒక్కటే: సాగర్ ఆనకట్ట పనిలో తల్లిదండ్రుల వెంట తట్టలు మోశాడు, ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాడు జనంలో నిలబడి చూశాడు, అప్పటికి మూతి మీద నూగు కూడా రాలేదు. ఆ తరువాత బతుకంతా ఆముదాల చేను, రెండు ఎడ్లు, నలుగురు పిల్లలు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు. చదువు రాదు కనుక కాగితం ఏదీ మిగల్చలేదు. పాత ఇంటి నడిమి దూలం మీద మాత్రం బొగ్గు గీతలు ఉన్నాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒకటి అడ్డం, అలా వరుసగా కట్టలు కట్టలుగా. ఆ ఇల్లు ఈ ఎండాకాలం విప్పుతున్నాము. ఆ గీతలు ఏమై ఉంటాయి? ఇలాంటి మనిషి గురించి ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ పంతులు:
పుట్టిన ఏడాదిని ఆయనే చెప్పి పోయారు. సాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న, ఇందిరా గాంధీ గారు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. ఆనాటికి నూగు మీసం రాని పిల్లవాడంటే పదమూడు పద్నాలుగేళ్లు ఉంటాయి కాబట్టి 1953 ప్రాంతమని రాయండి, కార్డును పక్కన పెట్టండి. సాగర్ రాతి కట్టడం, వేలాది కూలీల తలల మీదుగా లేచిన కట్ట. దాని ఎడమ కాలువ నీళ్లు మా వరి పొలాలకు వచ్చాయి గానీ, ఎత్తు మీద ఉన్న మీ ఆముదాల చేలకు ఎక్కలేదు. ఆయన మోసిన రాయితో మా ఇంట్లో అన్నం ఉడికింది. ఈ మాట నా తరఫున తప్పక రాయండి.

అచ్చంపేట ఆడబిడ్డ:
మా నాయిన పాలమూరు లేబరు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, అమ్మతో సహా ఏ దూర రాష్ట్రపు డ్యాం పనికో పోయి, తొలకరికి తిరిగి వచ్చేవాడు. మేస్త్రి లెక్క పుస్తకంలో ఉండేది, మా లెక్క గోడ మీద ఉండేది. మీ దూలం మీదివి కూడా కూలి రోజులే కావచ్చునని నా అనుమానం. ఫోటో చాలదు, ఆ దూలాన్నే దాచండి. మీ అమ్మగారు ఉంటే ముందు ఆమెను అడగండి. మీరు చూసింది చేనులో నాయినను, ఆమె చూసింది అప్పుతో నిద్రపట్టని మనిషిని. ఏ సంవత్సరమని అడిగితే చెప్పలేరు, ఏ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, ఏ ఎద్దు చచ్చినప్పుడు అని అడగండి.

మర్రిగూడ నుంచి:
ఆయన తాగిన నీళ్ల సంగతి కూడా రాయండి. మా వైపు ఎన్నో ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉండేది. మా నాయిన సైకిలుకు రెండు డబ్బాలు కట్టుకొని పోయి తెచ్చిన మంచి నీళ్లు పిల్లలకు పోసి, తాను బోరు నీళ్లే తాగాడు. చివరి ఏళ్లలో ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే మెడ తిరగక, ఒళ్లంతా తిప్పి చూసేవాడు.

దేవరకొండ వాసి:
అందరికీ దండాలు. నిన్న రాత్రి అమ్మను దూలం కింద కూర్చోబెట్టి అడిగాను. అవి చిన్న మేనత్త పెళ్లికి తెచ్చిన అప్పు కింద షావుకారు చేనులో చేసిన రోజులట. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. టార్చి వేసి లెక్కపెట్టాను, ఇరవై రెండు కట్టలు నిండుగా ఉన్నాయి, చివరి దానిలో మూడు గీతలే ఉన్నాయి. నాయినకు జ్వరం వచ్చి లేవలేకపోతే మిగిలిన రెండు రోజులు అమ్మే పోయి కలుపు తీసి వచ్చిందట. మరి గీతలు ఎందుకు గీయలేదని అడిగితే, తనకు దూలం అందలేదని చెప్పింది.