ఆడ్లీ హారిసన్ ఎడమ చెయ్యి ఎందుకు ఆగిపోయింది? బాక్సింగ్ తెలిసినవాళ్ళు చెప్పండి

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ గోల్డ్ కొట్టిన బ్రిటన్ బాక్సర్ ఆడ్లీ హారిసన్ గురించి అడుగుతున్నా. ఆరున్నర అడుగులకి దగ్గర్లో ఎత్తు, సౌత్‌పా (కుడి చెయ్యి ముందు, ఎడమ చెయ్యి వెనక పెట్టి ఆడేవాడు), ఎడమ చేతిలో నిజంగా పవర్ ఉంది, 2010 ఏప్రిల్‌లో మైకేల్ స్ప్రాట్‌ని పాయింట్లలో వెనకబడి కూడా చివరి 12వ రౌండ్లో అదే చేత్తో పడగొట్టాడు. మరి అదే ఏడాది నవంబర్‌లో డేవిడ్ హేతో మాంచెస్టర్‌లో వరల్డ్ టైటిల్ ఫైట్‌కి వచ్చేసరికి మూడో రౌండ్లో ఆగిపోయేదాకా దాదాపు పంచ్ వెయ్యలేదు, చూస్తుంటే చాలా బాధేసింది.

హే ఫైట్, 2005 డిసెంబర్‌లో మొదటిసారి ఓడిన డానీ విలియమ్స్ ఫైట్ రెండూ రౌండ్ రౌండ్ ఆపి చూశా, స్లో మోషన్‌లో కాళ్ళు కూడా గమనించా, ఇంటర్వ్యూలు విన్నా, అయినా దొరకలేదు. భయం అని అందరూ తేల్చేస్తారు గానీ నాకది సరిపోవట్లేదు, ఎందుకంటే విలియమ్స్ మీద కూడా జాబ్ (ముందున్న కుడి చేత్తో వేసే సూటి పంచ్) వేసి వెనక్కి జరగడమే, దాని వెనకే లెఫ్ట్ ఫాలో అవ్వదు.

2001లో ప్రో అయ్యాక వరసగా గెలిచిన 19 ఫైట్లలో ఈ అలవాటు మొదలైంది ఏ ఫైట్లో?