ట్యాంకు కొలతకూ మాగ్నెటిక్ ఫ్లో మీటర్ లెక్కకూ పొంతన కుదరడం లేదు: కారణం ఎక్కడ వెతకాలి?

నీటిలెక్క:
అందరికీ నమస్కారం. మా కూలింగ్ వాటర్ విభాగంలో ట్యాంకుకు నీరు తీసుకువెళ్లే 200 మిల్లీమీటర్ల పైపు మీద ఒక మాగ్నెటిక్ ఫ్లో మీటర్ (అయస్కాంత క్షేత్రం గుండా పారే నీటిలో పుట్టే వోల్టేజీ నుంచి ప్రవాహాన్ని కొలిచేది) ఉంది. దాని టోటలైజర్ (పారిన నీటిని మొత్తం కూడి చూపే లెక్క) చూపే నీటి పరిమాణం ట్యాంకులో నిజంగా చేరిన నీటి కంటే ప్రతిసారీ ఎక్కువగానే ఉంటోంది. మీటరును విప్పి క్యాలిబ్రేషన్‌కు పంపించాం. అర శాతం లోపు కచ్చితత్వంతో పనిచేస్తోందని ధ్రువపత్రంతో తిరిగి వచ్చింది. బిగించిన మరునాడే మళ్లీ అదే తేడా కనిపించింది. నీటి విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 600 మైక్రోసీమెన్లు ఉంది కాబట్టి ఆ వైపు సందేహం లేదు. మీటరుకు ముందు ఐదు వ్యాసాల పొడవు, తర్వాత మూడు వ్యాసాల పొడవు వంపులు లేని తిన్నని పైపు కూడా ఉంది. ఇలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవారు ఏం కనుక్కున్నారో తెలియజేయగలరు.

లూప్‌చెక్:
తేడా ఎంత అన్నదాని కంటే, ప్రవాహం మారినప్పుడు ఆ తేడా ఎలా మారుతోంది అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. దయచేసి కనీసం మూడు వేర్వేరు ప్రవాహాల దగ్గర పరీక్షించి అంకెలు ఇవ్వండి. అన్ని చోట్లా ఒకే శాతం తేడా వస్తే స్కేలింగ్‌నో, మీటరులో నమోదు చేసిన వ్యాసాన్నో అనుమానించాలి. ఉదాహరణకు మీటరులో 20 మిల్లీ ఆంపియర్లకు (అంటే పూర్తి సంకేతానికి) గంటకు 300 ఘనపు మీటర్లు అని ఉండి, కంట్రోల్ రూమ్‌లోని డీసీఎస్‌లో (ప్లాంటును అదుపు చేసే కంప్యూటర్ వ్యవస్థలో) అదే 20కి 320 అని ఉంటే, ప్రతి ప్రవాహం దగ్గరా 6.7 శాతం ఎక్కువ చూపుతుంది. శాతం మారుతూ తేడా పరిమాణం మాత్రం ఒకేలా ఉంటే జీరోలో (ప్రవాహం లేనప్పుడు చూపే అంకెలో) దోషమో, మధ్యలో ఎక్కడో వాల్వు కారడమో అయి ఉంటుంది. ఈ రెండింటికీ లొంగని తీరు కనిపిస్తే, అప్పుడు పైపు వైపు చూడాలి.

ఈ పద్ధతి నాకు అబ్బడానికి కారణం ఒక ఆరిఫిస్ ప్లేట్ మీటరు, అంటే పైపులో రంధ్రమున్న పలక పెట్టి దాని రెండు వైపులా పీడన భేదాన్ని కొలిచేది. ఆరిఫిస్‌లో పీడన భేదం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట వర్గమూలం తీయాలి. మా దగ్గర ట్రాన్స్‌మిటర్‌లోనూ (కొలతను సంకేతంగా పంపే పరికరంలో) తీశారు, డీసీఎస్‌లోనూ తీశారు. పూర్తి ప్రవాహం దగ్గర రెండుసార్లు వర్గమూలం తీసినా నూరు నూరుగానే ఉంటుంది కాబట్టి ప్లాంటు పూర్తి లోడులో నడిచినంత కాలం ఎవరికీ అనుమానం రాలేదు. లోడు సగానికి తగ్గిన రోజున పీడన భేదం 25 శాతమైంది, ట్రాన్స్‌మిటర్ దాన్ని సరిగ్గా 50 శాతంగా పంపింది, డీసీఎస్ మళ్లీ మూలం తీసి 70.7 శాతంగా చూపింది. మూడు వారాల పాటు లేని లీకేజీ కోసం లైనంతా వెతికాం. ఒక్క బిందువు దగ్గర సరిపోయిందని మీటరును నమ్మకూడదని ఆనాడు నాకు అర్థమైంది.

షిఫ్టు_ఇంజనీరు:
ఎర్తింగ్ చూశారా? మాగ్నెటిక్ మీటరులో ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే వోల్టేజీ చాలా స్వల్పం, అది మిల్లీవోల్టుల స్థాయిలోనే ఉంటుంది. ఫారడే 1832లో లండన్ వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలోకి లోహపు పలకలు దించి, భూమి అయస్కాంత క్షేత్రంలో ప్రవహిస్తున్న నీటిలో పుట్టే వోల్టేజీని పట్టుకోవాలని ప్రయత్నించి, స్పష్టమైన ఫలితం రాక విరమించుకున్నారు. సూత్రం సరైనదే అయినా సంకేతాన్ని చుట్టుపక్కల అలజడి నుంచి వేరు చేయడం ఎంత కష్టమో చెప్పడానికి ఆ ఉదంతం నాకు తరచూ గుర్తుకు వస్తుంది.

మా అనుభవం ఇది. లోపల రబ్బరు పూత ఉన్న పైపులో మీటరు బిగించారు గానీ ఎర్తింగ్ రింగులు వేయలేదు. పూత వల్ల ద్రవానికి పైపు లోహంతో స్పర్శ లేదు, కాబట్టి మీటరు ఏ ఆధారంతో వోల్టేజీని పోల్చుకోవాలో ఆ ఆధారమే నిలకడగా లేదు. పక్కనున్న పంపు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) మీద నడిచినప్పుడల్లా రీడింగు ఊగిపోయేది. ఆ ఊగిసలాట కనిపించకుండా ఎవరో డ్యాంపింగ్‌ను (రీడింగు ఊగకుండా నునుపు చేసే సమయాన్ని) 30 సెకన్లకు పెంచడంతో తెర మీద గీత నున్నగా మారింది, తప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫ్లాంజీల మధ్య రెండు వైపులా రింగులు వేసి, వాటిని మీటరు శరీరానికి పొట్టి తీగతో కలిపి, సిగ్నల్ కేబుల్‌ను పవర్ కేబుల్ ట్రే నుంచి వేరు చేశాక గానీ సమస్య తీరలేదు.

నీటిలెక్క:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఎర్తింగ్ రింగులు ఉన్నాయి, నిరోధం కొలిచి చూశాం. మీటరు మీది తెరలోని అంకె, డీసీఎస్ అంకె ఒక్కటిగానే ఉన్నాయి కాబట్టి స్కేలింగ్ దోషం లేదు. లూప్‌చెక్ గారు కోరినట్లు మూడు ప్రవాహాల దగ్గర పరీక్షించాను. ట్యాంకు లోపలి వ్యాసం 6 మీటర్లు. అంటే మట్టం ఒక మీటరు పెరిగితే 28.3 ఘనపు మీటర్ల నీరు చేరినట్లు. బయటికి పోయే వాల్వులన్నీ మూసి, మట్టాన్ని ఉక్కు టేపుతో మొదటా చివరా కొలిచాం. ఒక్కో కొలతలో 3 మిల్లీమీటర్ల వరకు తప్పు ఉండవచ్చు అనుకున్నా మొత్తం మీద అది 0.6 శాతం దాటదు.

గంటకు 240 ఘనపు మీటర్ల దగ్గర ట్యాంకులో 40.0 చేరితే మీటరు 40.4 చూపింది. గంటకు 150 దగ్గర 30.0కి 31.2 చూపింది. గంటకు 90 దగ్గర 30.0కి ఏకంగా 33.3 చూపింది. అంటే తేడా వరుసగా 1, 4, 11 శాతం. పంపు దగ్గరి డిశ్చార్జి వాల్వును మూస్తూ ప్రవాహాన్ని తగ్గించాం.

డీపీసెల్:
తక్కువ ప్రవాహం దగ్గర ఏ మీటరైనా తడబడుతుంది కదా అని మొదట రాయబోయాను. నేను ఎక్కువ కాలం ఆరిఫిస్ మీటర్లతోనే పనిచేశాను. అక్కడ ప్రవాహం పదో వంతుకు తగ్గితే పీడన భేదం నూరో వంతుకు పడిపోతుంది కాబట్టి, గరిష్ఠ ప్రవాహంలో మూడో వంతో నాలుగో వంతో దాటి కిందికి వెళితే ఆ అంకెను మేం లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు. ఇంపల్స్ లైన్ల (పీడనాన్ని ట్రాన్స్‌మిటర్‌కు చేర్చే సన్నని గొట్టాల) బాధ ఉండనే ఉంది. ద్రవం ఉన్న లైనులో ఒక్క గాలి బుడగ ఇరుక్కున్నా, ఆవిరి లైనులో రెండు కండెన్సేట్ పాత్రలు ఒకే ఎత్తులో లేకపోయినా, తక్కువ ప్రవాహం దగ్గర తప్పు భూతద్దంలో పెట్టినట్లు పెరుగుతుంది.

అయితే మీ అంకెలు లెక్కవేసి చూస్తే, 200 మిల్లీమీటర్ల పైపులో గంటకు 90 ఘనపు మీటర్లంటే సెకనుకు 0.8 మీటర్ల వేగం. మాగ్నెటిక్ మీటరుకు అది ఏమాత్రం తక్కువ వేగం కాదు. కాబట్టి నా ఆరిఫిస్ అనుభవం ఇక్కడ వర్తించదు.

కొలతబద్ద:
పైపు కోయనవసరం లేని క్లాంప్ ఆన్ అల్ట్రాసోనిక్ మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే తెప్పించి పోల్చి చూడండి. ధ్వని ప్రవాహంతో పాటు ప్రయాణించడానికి పట్టే కాలానికీ, ఎదురు ప్రయాణించడానికి పట్టే కాలానికీ ఉన్న తేడా నుంచి అది వేగాన్ని లెక్కిస్తుంది. అడ్డంగా వెళ్లే పైపు మీద సెన్సర్లను పక్కల బిగించాలి. పైన బిగిస్తే గాలి, కింద బిగిస్తే మడ్డి ధ్వనిని అడ్డుకుంటాయి. నేను మొదటిసారి నిచ్చెన మీద చేతికి అందిందని పైభాగంలోనే బిగించి, సంకేతం అందక ఒక పూటంతా జెల్ మారుస్తూ గడిపాను. పెయింటు గీకి, పైపు గోడ మందాన్ని మందం మీటరుతో నిజంగా కొలిచి నమోదు చేయండి. పుస్తకంలోని మందాన్ని నమ్మితే పాత పైపుల్లో లోపలి వ్యాసం తప్పుతుంది, వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ తప్పు రెట్టింపవుతుంది.

ఆవిరిపైపు:
కొలతబద్ద గారి సలహాతో ఏకీభవిస్తాను గానీ ఒక షరతు ఉంది. క్షేత్రంలో క్లాంప్ ఆన్ మీటరు కచ్చితత్వం రెండు నుంచి ఐదు శాతం దాకా ఉంటుంది కాబట్టి, 4 శాతం తేడా ఎవరిదో అది తేల్చలేదు. తేల్చగలిగింది మరొకటి ఉంది. అదే చోట బిగించి ఉంచి, 240 దగ్గరా 90 దగ్గరా రెండు మీటర్ల నిష్పత్తిని చూడండి. వ్యాసం, మందం తప్పుగా నమోదైనా ఆ తప్పు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. నిష్పత్తి మారితే మాత్రం రెండింటిలో ఒక మీటరు దగ్గర పైపులో పరిస్థితి మారుతోందని అర్థం.

మీటరు సరిగానే కొలిచి, మనం ఇచ్చిన ఆధారం తప్పు కావడం ఆవిరి లైన్లలో నాకు బాగా పరిచయం. ఒక వోర్టెక్స్ మీటరును (ప్రవాహంలోని అడ్డు వెనుక ఏర్పడే సుడులను లెక్కించి వేగం కొలిచేదాన్ని) 10 బార్ సంతృప్త ఆవిరికి సెట్ చేశారు. అక్కడ సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 5.15 కిలోలు. బాయిలరును 8 బార్ల దగ్గర నడపసాగారు, అక్కడ సాంద్రత 4.16 మాత్రమే. ఇవి రెండూ శూన్యం నుంచి లెక్కించిన పీడనాలు. మీటరు సుడుల సంఖ్యను తప్పు లేకుండానే లెక్కించింది, వేగమూ సరైనదే, కానీ పాత సాంద్రతతో గుణించడం వల్ల ఆవిరి దాదాపు 24 శాతం ఎక్కువగా నమోదైంది. అదే లైనులో ఆరిఫిస్ ఉండి ఉంటే వర్గమూలం పుణ్యమా అని తప్పు 11 శాతంతో ఆగేది. పీడన ట్రాన్స్‌మిటర్ జోడించి సాంద్రతను ఎప్పటికప్పుడు సరిదిద్దే ఏర్పాటు చేశాక లెక్కలు కుదిరాయి.

మాగ్నెటిక్ మీటరు కూడా వేగాన్ని కొలిచి, పైపు పూర్తి వైశాల్యంతో గుణిస్తుంది. అందుకే అడుగుతున్నాను, మీటరు తర్వాత పైపు ఎటు వెళుతోంది? ఒక గీతపటం ఇవ్వగలరా?

నీటిలెక్క:
గీతపటం ఇవ్వలేను గానీ మాటల్లో చెబుతాను. పంపు నుంచి పైపు నిటారుగా నాలుగు మీటర్లు ఎక్కి, పైప్ ర్యాక్ మీద అడ్డంగా సాగుతుంది. మీటరు ఆ అడ్డ భాగంలో ఉంది. దాని తర్వాత సుమారు మూడు మీటర్లకు పైపు కిందికి వంగి, ట్యాంకులోకి పై నుంచి ధారగా పోస్తుంది. వంపుకు ముందు ఒక బటర్‌ఫ్లై వాల్వు ఉంది, అది ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది.

లూప్‌చెక్:
ఆవిరిపైపు గారు సరైన చోట పట్టుకున్నారు. మీటరు మొత్తం లైనులో ఎత్తైన చోట ఉంది, దాని తర్వాత నీరు గాలిలోకి స్వేచ్ఛగా పడుతోంది. ప్రవాహాన్ని పంపు దగ్గరే అదుపు చేస్తున్నారు కాబట్టి, తక్కువ ప్రవాహంలో ఆ అడ్డ పైపును నింపి ఉంచే ఎదురు పీడనం ఏదీ లేదు, కిందికి దిగే పైపు భాగం గుండా గాలి పైకి వస్తుంది. నీరు పైపు అడుగున వేగంగా పారుతుంది, పైన ఖాళీ మిగులుతుంది. 11 శాతం తేడా అంటే సుమారుగా వైశాల్యంలో పదో వంతు ఖాళీ అన్నమాట. ఎలక్ట్రోడ్లు పైపు నడిమి ఎత్తులో అటూ ఇటూ ఉంటాయి కాబట్టి అవి ఇంకా నీటిలోనే మునిగి ఉన్నాయి. అందుకే రీడింగు ఊగలేదు, ఖాళీ పైపు అలారమూ రాలేదు. క్యాలిబ్రేషన్ బెంచి మీద పైపు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కాబట్టి అక్కడ మీటరు నిర్దోషిగా తేలింది.

పైపు కోయకముందే దీన్ని నిర్ధారించుకోవచ్చు. పంపు వాల్వును తెరిచి, మీటరు తర్వాతి బటర్‌ఫ్లై వాల్వును మూస్తూ ప్రవాహాన్ని 90కి తెండి. వాల్వుకు ముందున్న పైపు నిండక తప్పదు. అప్పుడు ట్యాంకు పరీక్ష మళ్లీ చేయండి.

కొలతబద్ద:
క్లాంప్ ఆన్ మీటరు తెప్పిస్తే దాన్ని పంపు తర్వాత పైకి ఎక్కే నిటారు భాగంలో బిగించండి. పైకి పారే పైపు ఎంత తక్కువ ప్రవాహంలోనైనా నిండే ఉంటుంది. పంపు వంపు నుంచి మాత్రం వీలైనంత దూరంగా ఉంచండి.

నీటిలెక్క:
నిన్న రెండు పరీక్షలూ పూర్తి చేశాం. నిటారు భాగంలో బిగించిన క్లాంప్ ఆన్ మీటరుతో పోలిస్తే, మా మీటరు 240 దగ్గర దాదాపు సమానంగా ఉంది, 90 దగ్గర మాత్రం పదో వంతు పైగా ఎక్కువ చూపింది. తర్వాత పంపు వాల్వు తెరిచి, బటర్‌ఫ్లై వాల్వుతో ప్రవాహాన్ని గంటకు 90కి తగ్గించి ట్యాంకు నింపాం. ట్యాంకులో 30.0 చేరితే మీటరు 30.2 చూపింది. మీటరు దగ్గర చెవి ఆనించి వింటే ఇదివరకు వినిపించిన గలగల శబ్దం కూడా లేదు. ఆ శబ్దాన్ని ఇన్నాళ్లూ అందరం విన్నాం, దానికి అర్థం ఉందని ఎవరికీ తట్టలేదు.

బటర్‌ఫ్లై వాల్వును శాశ్వతంగా సగం మూసి ఉంచడం ఎవరో ఒకరు మరిచిపోయే ఏర్పాటు కాబట్టి, వచ్చే షట్‌డౌన్‌లో మీటరు తర్వాత పైపును దాని మట్టం కంటే అర మీటరు పైకి లేపి తర్వాత ట్యాంకులోకి దించాలని అనుకుంటున్నాం.

ఆవిరిపైపు:
వీలుంటే మీటరునే ఆ నిటారు భాగంలోకి మార్చండి. పైకి పారే పైపులో అది ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గాలి బుడగలు ఆగవు, మడ్డి ఒక ఎలక్ట్రోడ్ మీద మాత్రమే పేరుకోదు. ముందున్న తిన్నని పొడవు సరిపోదనుకుంటేనే పైపును లేపండి. అలా లేపితే ఆ ఎత్తైన భాగం మీద ఒక వెంట్ (గాలి లోపలికి వచ్చే దారి) తప్పనిసరిగా పెట్టండి. ట్యాంకు మట్టం పైపు నోటి దాకా వచ్చినప్పుడు కిందికి దిగే పైపు భాగం సైఫన్‌లా పనిచేసి పంపు ఆగాక కూడా నీటిని లాగేస్తుంది, మీరు నింపి ఉంచాలనుకున్న పైపే ఖాళీ అవుతుంది.

నీటిలెక్క:
నిటారు భాగంలో పంపు వంపు నుంచి ఆరు వ్యాసాల పొడవు దొరుకుతుంది, పై వంపుకు ముందు ఇంకా స్థలం మిగులుతుంది. మీటరును అక్కడికే మారుస్తాం. మార్చాక మూడు ప్రవాహాల దగ్గరా ట్యాంకు పరీక్ష చేసి అంకెలు ఇక్కడే పెడతాను.