లై, లే, లెయిడ్, లెయిన్: ఎల్ అక్షరం దగ్గర పరువు పోయింది, ఎవరైనా తేల్చండి

సోమవారం_జ్వరం అడిగినది:

అందరికీ నమస్కారం. పదకొండేళ్ల ఉద్యోగం, రోజుకి నలభై మెయిళ్లు రాస్తాను, ఇంగ్లీషు నాకేమీ కొత్త కాదు. పోయిన వారం వైరల్ ఫీవర్ వచ్చి ఒక రోజంతా మంచం దిగలేదు. మర్నాడు, కాల్‌కి ఎందుకు రాలేదో చెబుదామని టీమ్ మొత్తానికీ వెళ్లే మెయిల్లో "ఐ లెయిడ్ ఇన్ బెడ్ ఆల్ డే యెస్టర్డే" అని రాశాను. అమెరికా వైపు నుంచి ఒక పెద్దాయన అందరికీ కనపడేలా "లెయిడ్ వాట్? ఎగ్స్?" అని రిప్లై కొట్టాడు. ఏం పెట్టావు, గుడ్లా అని! దాని కింద పదిహేడు నవ్వు బొమ్మలు. జ్వరం తగ్గింది గానీ ఆ పదిహేడు బొమ్మలూ కళ్లముందే తిరుగుతున్నాయి.

తర్వాత డిక్షనరీ తీస్తే ఇంకా చిక్కుపడింది. లై అంటే పడుకోవడం అట, దానికి భూతకాలం లే అట. లే అంటే పెట్టడం అట, దానికి భూతకాలం లెయిడ్ అట. మళ్లీ లై అంటే అబద్ధమాడటం కూడా, దానికేమో లైడ్. ఒక మాటకి నిన్నటి రూపం ఇంకో మాటకి ఇవాళ్టి రూపం అయితే మనిషి ఎలా బతకాలండీ? మా అమ్మాయి ఎనిమిదో తరగతి, "లై లే లెయిన్, లే లెయిడ్ లెయిడ్" అని ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసింది. సరే, నిన్న నువ్వు సోఫా మీద పడుకున్నావు, ఇంగ్లీషులో చెప్పు అంటే అది కూడా "ఐ లెయిడ్" అనే అంది. కాబట్టి దయచేసి పట్టిక పెట్టకండి, పట్టిక ఇంట్లో ఉంది. రాసేటప్పుడు చెయ్యి తడబడకుండా ఉండే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

పోనీలే_బ్రదర్:

అన్నా, తెలుగులో "లే" అంటే మంచం మీద నుంచి లెమ్మని, ఇంగ్లీషులో "లే" అంటే మంచం మీద పడుకోబెట్టమని. ఈ రెండు భాషలూ ఒకే బుర్రలో ఉన్నాక ఎవరికైనా జ్వరం వస్తుంది. నా పద్ధతి ఏంటంటే ఆ మాటే వాడను, "ఐ వాజ్ ఇన్ బెడ్" అని రాసి ఊరుకుంటాను. పదేళ్లుగా ఎవడూ పట్టుకోలేదు.

రిటైర్డ్_మాస్టారు:

తప్పించుకోవడం కూడా ఒక పద్ధతే, కాదనను. కానీ నాయనా, ఈ తేడా నీకు పుట్టుకతో తెలుసు, తెలిసినట్టు తెలియదు అంతే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను, మొదటి పదేళ్లు నేనూ పట్టికే బట్టీ పట్టించాను, ఒక్కడికీ రాలేదు. తర్వాత తెలుగులోంచి చెప్పడం మొదలుపెడితే వెనకబెంచీ వాళ్లు కూడా పట్టుకున్నారు.

మీ ఇంట్లో "బాబు పడుకున్నాడు" అంటారు, "బాబుని పడుకోబెట్టాను" అంటారు. ఈ రెండూ ఎప్పుడైనా తారుమారు చేశావా? నాలుగేళ్ల పిల్ల కూడా చెయ్యదు. పడుకున్నాడు, అది లై. పడుకోబెట్టాను, అది లే. అంతకుమించి ఇందులో ఏమీ లేదు. లేచు–లేపు, ఆగు–ఆపు, దిగు–దింపు, నిండు–నింపు, వంగు–వంచు, కాలు–కాల్చు, మేయు–మేపు... తెలుగులో ఇలాంటి జంటలు తవ్వినకొద్దీ వస్తాయి. తనంతట తాను జరిగేదానికి ఒక మాట, ఇంకొకరు చేయిస్తే దానికే చిన్న మార్పుతో ఇంకో మాట. పాత ఇంగ్లీషులోనూ ఈ అలవాటు ఉండేది, కాలక్రమంలో చాలావరకు రాలిపోయి చేతివేళ్లతో లెక్కపెట్టేటన్ని మిగిలాయి. సిట్–సెట్ అలాంటిదే, కూర్చోవడం, కూర్చోబెట్టడం. ఫాల్–ఫెల్ అంతే, చెట్టు పడటం, చెట్టుని పడగొట్టడం. రైజ్–రెయిజ్ అంటే లేవడం, లేపడం. నాకు బాగా ఇష్టమైంది డ్రింక్–డ్రెంచ్. డ్రెంచ్ అంటే ఇప్పుడు తడిపి ముద్ద చేయడం గానీ మొదట్లో దాని అర్థం తాగించడం. లై–లే కూడా ఆ ఇంట్లో పుట్టినవే.

ఇక నువ్వు చేసిన తప్పు సంగతి. లెయిడ్ అని రాయగానే చదివేవాడి మనసులో "దేన్ని?" అనే ప్రశ్న లేస్తుంది. పడుకోబెట్టాను అని ఆపేస్తే మనం "ఎవర్ని?" అని అడగమూ? ఆయన అడిగింది కూడా అదే, కాకపోతే వెటకారంగా అడిగాడు. కాబట్టి రాసే ముందు "దేన్ని, ఎవర్ని" అని నీకు నువ్వే వేసుకో. జవాబు ఉంటే లే, నిన్నటిదైతే లెయిడ్. జవాబు లేకపోతే లై, నిన్నటిదైతే లే, "హావ్" పక్కన వస్తే లెయిన్. నీ వాక్యం "ఐ లే ఇన్ బెడ్ ఆల్ డే" అని ఉండాలి. చెవికి వింతగా ఉంటుంది, అలవాటు చేసుకోవాలి.

స్పెల్లింగు గురించి ఒక ముక్క. పే, సే, లే, ఈ మూడింటికీ భూతకాలం ఏ-ఐ-డీ తోనే ముగుస్తుంది. లే పక్కన ఈ-డీ తగిలించి రాసేవాళ్లని మా స్టాఫ్ రూములోనే చూశాను. అబద్ధం లై వేరే వంశం, పాత ఇంగ్లీషులో దాని రూపమే వేరు, కాలం గడిచేకొద్దీ ఉచ్చారణ ఒకటైపోయింది. దానికి భూతకాలం మామూలుగా లైడ్. చిక్కల్లా ఐఎన్‌జీ దగ్గర, డై, టై లాగే ఐ-ఈ పోయి వై వస్తుంది కాబట్టి పడుకున్నా లైయింగే, అబద్ధమాడినా లైయింగే.

సోమవారం_జ్వరం:

మాస్టారూ, పాదాభివందనం. ఆ "దేన్ని" ప్రశ్న బుర్రలో కూర్చుంది. ఒక్క డౌటు. పడుకోవడం అంటే మన ఒంటిని మనమే మంచం మీద వెయ్యడం కదా, ఆ లెక్కన లే కూడా కరెక్టే అవ్వాలిగా?

రిటైర్డ్_మాస్టారు:

మంచి ప్రశ్న. "పడుకొను"లో ఆ "కొను" ఉంది చూశావా, తనకోసం తాను అనే భావం మన క్రియలోనే కలిసిపోయింది. ఇంగ్లీషులో అది విడిగా చెప్పాలి. "ఐ లెయిడ్ మైసెల్ఫ్ డౌన్" అంటే తప్పు లేదు, ఎవర్ని అంటే మైసెల్ఫ్ అని జవాబు ఉందిగా. ఆ మైసెల్ఫ్ ఎగరగొడితేనే గుడ్లు పెట్టినట్టవుతుంది.

లేయర్ల_షెడ్డు:

గుడ్ల మాట వచ్చింది కాబట్టి నేనూ వస్తున్నా. మాది తణుకు దగ్గర కోళ్ల ఫారం. నాకు ఇంగ్లీషు గ్రామర్ రాదు గానీ ఈ మాట మాత్రం రోజూ నోట్లో ఉంటుంది. మాంసానికి పెంచేది బ్రాయిలర్, గుడ్లకి పెంచేది లేయర్, అంటే లే చేసేది. పిల్ల దించిన దగ్గర్నుంచి పద్దెనిమిది, ఇరవై వారాలకి గుడ్డు మొదలవుతుంది. మొదటి గుడ్లు చిన్నగా, ఒక్కోటి రక్తపు చారతో ఉంటాయి, కుర్రాళ్లు ట్రేలో పక్కన పెట్టి నాకు చూపిస్తారు. అప్పుడు మేం "బ్యాచ్ లేయింగ్‌కి వచ్చింది" అంటాం. షెడ్డులోకి వెళ్లగానే కోడి పడుకుని ఉంటే అది లైయింగ్, నాకు టెన్షన్, మేత తినట్లేదేమో, రోగం ఏమైనా తగిలిందేమో అని. గుడ్డు పెడుతుంటే లేయింగ్, నాకు డబ్బులు. ఈ రెండింటికీ తేడా నాకు తెలిసినంత బాగా ఏ లెక్చరర్‌కీ తెలియదు, హహ. మాస్టారు గారు ఏమీ అనుకోకండి.

ఇంకోటి. ఊళ్లో ప్లాట్లు అమ్మేవాళ్లు లేఅవుట్ అంటారు, స్కూలు గోడ మీద శంకుస్థాపన ఫలకం మీద ఫలానా ఎమ్మెల్యే గారిచే అని చెప్పడానికి "ఫౌండేషన్ స్టోన్ లెయిడ్ బై" అని ఉంటుంది. అన్నీ ఒకటేనా?

రిటైర్డ్_మాస్టారు:

అనుకునేదేముంది, నీ షెడ్డే అసలు క్లాస్‌రూము. అన్నీ ఒకటే. మనం గుడ్డు పెట్టడం, పునాది వెయ్యడం, రోడ్డు వెయ్యడం, పైపులు వెయ్యడం అంటాం చూడు, వాటన్నిటికీ ఇంగ్లీషులో ఆ ఒక్క లే. అయితే లేమాన్ మాత్రం ఆ ఇంటి మనిషి కాదు, అది గ్రీకులో జనం అనే మాట నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. డిలే, రిలే కూడా ఫ్రెంచి వైపు చుట్టాలే. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని కలిపేయకూడదు.

నైట్‌డ్యూటీ_లీడ్స్:

నేను ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఒక కేర్ హోమ్‌లో నర్సుని. మాస్టారు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కాకపోతే ఇక్కడికి వచ్చి వింటే మతి పోతుంది. ఇక్కడి ముసలమ్మలు "ఐ వాజ్ శాట్ దేర్", "ఐ వాజ్ లెయిడ్ ఇన్ బెడ్" అంటారు, సిట్టింగ్, లైయింగ్ అనాల్సిన చోట. మొదటి నెలలో ఒకావిడ అలా అంటే, ఎవరో తీసుకొచ్చి పడుకోబెట్టారేమో, పడిపోయారేమో అని కంగారుపడి, పడిపోయిన కేసు అనుకుని ఫారం కూడా తీశాను! తీరా చూస్తే ఆవిడ హాయిగా తనే పడుకుంది. ఉత్తర ఇంగ్లండు మాటతీరు అది. అమెరికా వాళ్లయితే "లే డౌన్" అనేస్తారు, మా చెల్లి అక్కడే ఉంటుంది, డాక్టర్లు కూడా అంతే అంటుంది. ఆఖరికి ఒక చోటు వాలకం ఎలా ఉందో అనడానికి ఇక్కడ "లై ఆఫ్ ది లాండ్" అంటే అక్కడ "లే ఆఫ్ ది లాండ్" అంటారు. కాబట్టి సోమవారం_జ్వరం గారూ, మిమ్మల్ని వెక్కిరించిన పెద్దాయన రోజుకి పదిసార్లు లే డౌన్ అంటూనే ఉంటాడు, పందెం. నోటితో మాట్లాడేటప్పుడు పట్టించుకోకండి, రాతలో మాత్రం జాగ్రత్త. మేం పేషెంటు నోట్స్‌లో "లైయింగ్ ఫ్లాట్" అనే రాయాలి, లేయింగ్ అని రాస్తే మా హెడ్ నర్సు ఊరుకోదు.

గ్రూప్స్_మూడోసారి:

పరీక్షలకి చదివేవాళ్ల తరఫున ఒక మాట, ఎల్‌లో నాకు లై–లే కన్నా ఎక్కువ మార్కులు పోగొట్టింది లూజ్–లూస్. కారణం మన తెలుగే! వదులుగా ఉన్నదానికి ఇంగ్లీషు వాళ్లు "లూస్" అంటారు, చివర స. పోగొట్టుకోవడానికి "లూజ్", చివర జ. మనం ప్యాంటు లూజు, లూజు నూనె, లూజ్ మోషన్స్ అని వదులుదానికి కూడా జ పెట్టేశాం, దాంతో రెండూ ఒకటే మాట అయి కూర్చున్నాయి. చెవిని నమ్మి రాస్తే మునిగినట్టే. నేను గుర్తుపెట్టుకున్నది ఏంటంటే, లూజు ప్యాంటులో ఇద్దరు పడతారు కాబట్టి అందులో రెండు ఓలు. పిచ్చిగా ఉంది, కానీ హాల్లో పనిచేసింది.

లీడ్–లెడ్ కూడా చూసుకోండి. రీడ్‌కి భూతకాలంలో స్పెల్లింగ్ మారకుండా పలకడం ఒక్కటే మారుతుంది కాబట్టి లీడ్ కూడా అంతే అనుకుని ఏ అక్షరం ఉంచి రాసేస్తాం. ఏ ఉంచి లెడ్ అని పలికితే అది సీసం. నడిపించాడు అనాలంటే ఏ ఉండదు, మూడక్షరాలే. ఇది వరుసగా రెండుసార్లు తప్పు పెట్టాను.

పోనీలే_బ్రదర్:

అందరూ ఎల్ మీద పడ్డారు కదా, మా ఐటీ వాళ్ల లేఆఫ్‌ని వదిలేశారేం? మా ఫ్రెండు "ఐ లే ఆఫ్డ్" అని స్టేటస్ పెట్టాడు, బాధలో ఉన్నాడు కదా అని ఎవరూ దిద్దలేదు.

రిటైర్డ్_మాస్టారు:

అయ్యో పాపం. దిద్దకపోవడమే మర్యాద. రాయాల్సింది "ఐ వాజ్ లెయిడ్ ఆఫ్". ఇంకో సంగతి, లేఆఫ్ అంటే మొదట్లో పూర్తిగా తీసేయడం కాదు. మన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేఆఫ్ అంటే బొగ్గో కరెంటో ముడిసరుకో లేక యజమాని పని ఇవ్వలేకపోవడం, మనిషి పేరు మస్టర్లోనే ఉంటుంది. అర్హత ఉన్నవాళ్లకి ఆ రోజులకి మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలని అందులో ఉండేది. ఇంటికి పంపేయడానికి ఆ చట్టంలో మాట రిట్రెంచ్‌మెంట్. మీవాళ్లు పక్కన పెట్టడం అనే మెత్తని మాట తీసుకుని పీకేయడానికి వాడుతున్నారు.

సోమవారం_జ్వరం:

అప్‌డేట్. నిన్న సాయంత్రం మా అమ్మాయికి కోళ్ల షెడ్డు కథ చెప్పాను, వెంటనే పట్టుకుంది, "నాన్నా, నువ్వు లై, నాన్నమ్మ నా తమ్ముణ్ణి లే" అని ఇల్లంతా తిరుగుతోంది. ఇవాళ పొద్దున ధైర్యం చేసి ఇంకో మెయిల్లో, కావాలనే, "వైల్ ఐ లే ఇన్ బెడ్ లాస్ట్ వీక్, ది బిల్డ్ ఫెయిల్డ్" అని రాశాను. గుడ్ల పెద్దాయన కిక్కురుమనలేదు. కానీ అదే టీమ్‌లో ఇంకొకాయన, పుట్టి పెరిగిందంతా టెక్సస్‌లోనే, నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, "చిన్న తప్పు ఉంది, అక్కడ లెయిడ్ రావాలి కదా" అని.

లేయర్ల_షెడ్డు:

తణుకు పంపించండి సార్ ఆయన్ని, ఒక్క పూట చాలు.