బడి బస్సు దిగేటప్పుడు పాపకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మా ఆరేళ్ల పాప ఈ ఏడాది నుంచే బడి బస్సులో వెళ్తోంది. నిన్న బస్సు దిగిన వెంటనే, చేతిలోంచి జారిపోయిన నీళ్ల సీసా కోసం బస్సు ముందు వంగడం చూసి నా గుండె ఆగినంత పనైంది. పాపకు ఏం నేర్పాలి, బడి వారిని ఏమని అడగాలి?

మొదటి సమాధానం: నేను బడి బస్సు నడుపుతాను. బస్సుకు ఆనుకుని ముందు నిలబడిన చిన్నపిల్లలు, అందులోనూ వంగిన వారు, ఎత్తులో కూర్చునే డ్రైవరుకు కనిపించరు. అందుకే దిగగానే బస్సుకు కనీసం 3 మీటర్ల దూరం వెళ్లాలని, ఏది కింద పడినా తీసుకోవడానికి వంగకుండా ముందుగా డ్రైవరుకు చెప్పాలని నేర్పండి. నోటితో చెబితే చాలదు, ఆగి ఉన్న బస్సు దగ్గర నాలుగైదుసార్లు చేయించండి.

రెండవ సమాధానం: సంచికి వేలాడే తాళ్లు తలుపులో చిక్కుకునే ప్రమాదం ఉంది, వాటిని కత్తిరించండి. దిగాక రోడ్డు దాటవలసి వస్తుంటే, ఇంటి వైపే దింపమని కోరండి.

మూడవ సమాధానం: ప్రయాణం ముగిశాక ఎవరైనా చివరి సీటు వరకు నడిచి చూస్తున్నారా అని బడి వారిని తప్పక అడగండి. నిద్రపోయిన బిడ్డ మూసిన బస్సులో ఉండిపోతే, ఎండకు లోపలి వేడి నిమిషాల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది, ఎందుకంటే పిల్లల శరీరం పెద్దల కంటే ఎంతో వేగంగా వేడెక్కుతుంది.