కాలిన గాయం మూసుకున్నాక ఏడాదిన్నర: ప్రెషర్ గార్మెంట్, తలగడ, దురద, ఎండ

మల్లెతీగ: మెడ, చంక, మోచేయి కాలి చర్మం అంటించిన (గ్రాఫ్ట్) పెద్దవాళ్లు ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతైన సాగే తొడుగు) రాత్రిళ్లు తీసేయొచ్చా? మే నెలలో ఉక్కపోత భరించలేకపోతారు.

ఫిజియో_ఓరుగల్లు: తీయొద్దు. రోజుకు 23 గంటలు ఒంటి మీద ఉండాలి, స్నానానికీ మర్దనకూ తప్ప. మచ్చ ఎరుపు పోయి మెత్తబడేదాకా, సాధారణంగా 12 నుంచి 18 నెలలు. రెండు జతలు కుట్టించుకోవాలి. గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. వేడినీళ్లూ ఇస్త్రీ తగిలితే సాగే గుణం పోతుంది. బాగా చూసుకున్నా దాదాపు మూడు నెలలకు వదులైపోతుంది, మళ్లీ కొలతలివ్వాలి. వేళ్లు తిమ్మిరెక్కినా నీలంగా మారినా బిగువు ఎక్కువైనట్టే.

మెడ ముందువైపు కాలితే తలగడ వద్దే వద్దు. ఇంట్లోవాళ్లు జాలిపడి రెండు తలగడలు పెడతారు, గడ్డం ఛాతీ వైపు లాక్కుపోతుంది. చంక, మోచేయి కాలితే చేయి పక్కకు 90 డిగ్రీలు చాపి, మోచేయి తిన్నగా ఉంచి పడుకోవాలి. హాయిగా ముడుచుకున్న తీరులోనే మచ్చ బిగుసుకుంటుంది. అలా బిగిశాక ఆపరేషన్ తప్ప దారి లేకపోవచ్చు.

మల్లెతీగ: డాక్టరు మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్ కూడా రాసిస్తే?

ఫిజియో_ఓరుగల్లు: గార్మెంట్ కింద పెట్టొచ్చు. పుండు పూర్తిగా మూసుకున్న చోటే. మొదట రెండు గంటలు, మెల్లగా 12 గంటలు దాటించాలి. షీటునూ చర్మాన్నీ రోజూ కడిగి ఆరబెట్టాలి. చెమటకాయలు లేస్తే తగ్గేదాకా ఆపండి.

డ్రెస్సింగ్_సిస్టర్: నిద్ర పాడు చేసేది నొప్పికన్నా దురద. స్నానం చల్లటి నీళ్లతో, ఒళ్లు తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్. గోకకుండా అరచేత్తో తట్టాలి. కొత్త చర్మం పలచన, గోరు తగిలితే బొబ్బ లేస్తుంది. దురద మాత్ర సెట్రిజిన్ పనిచేయకపోతే దురద నరాలదై ఉండొచ్చు, నరాల మందు గాబాపెంటిన్ సంగతి డాక్టరును అడగండి.

ఇంకో మాట: పప్పు తింటే చీము పడుతుందని పత్యం పెట్టొద్దు, దయచేసి! గాయం మానడానికి కావలసిందే పప్పు, గుడ్డు, పాలలోని మాంసకృత్తులు. కిడ్నీ జబ్బుంటేనే డాక్టరు చెప్పిన కొలత.

గోదారిగట్టు: అంటించిన చర్మానికి చెమట పట్టదు. ఒళ్లు ఎక్కువ భాగం కాలినవాళ్లకు వడదెబ్బ త్వరగా తగులుతుంది. పొలం పని, బట్టీ పని పొద్దున పదిలోపు ముగించాలి, మిగిలిన చర్మాన్ని తడిగుడ్డతో తుడుస్తుండాలి. మచ్చ మీద ఎండ పడితే నల్లబడి అలాగే ఉండిపోవచ్చు. గొడుగు, పూర్తిచేతుల నూలు చొక్కా, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్.

మల్లెతీగ: చేయి పూర్తిగా లేవకపోతే వైకల్య ధ్రువపత్రం వస్తుందా?

గోదారిగట్టు: కీలు ఎంత కదులుతుందో కొలిచి శాతం వేస్తారు, సదరం శిబిరంలో అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను నేరుగా పేర్కొంది.

డ్రెస్సింగ్_సిస్టర్: ఏళ్లనాటి మచ్చలో పుండు లేచి మానకుండా, అంచులు గట్టిపడితే పసుపూ ఆయింట్‌మెంటూ రాస్తూ కూర్చోవద్దు. అది క్యాన్సర్ కావచ్చు, ముక్క తీయించి పరీక్ష చేయించాలి.